సీమపనస కూర, మూడు పార్టీలు, నా కడుపుమంట

అమెరికా వెళ్ళొచ్చినవాళ్ళు ముందుగా రోడ్ల గురించి చెబుతారు. నాకు ఆ రోడ్లు చూసి అసూయ కలగలేదు. వాళ్ళ దేశం, వాళ్ళ డబ్బు, వేసుకున్నారు. నా కళ్ళు కుట్టింది వేరేచోట. న్యూయార్క్ నగరంలో బ్రూక్లిన్ అనే పేటలో, ఒక చర్చి కింద నేలమాళిగ లాంటి గదిలో, కరీబియన్ సముద్రంలోని ఒక బుల్లి దీవికి చెందిన మూడు చిన్న పార్టీలు పొత్తు పెట్టుకుంటుంటే చూశాను. అప్పుడు మొదలైన మంట ఇంటికొచ్చినా చల్లారలేదు. అది చల్లారుతుందేమోనని ఇది రాస్తున్నాను.

నేను అమలాపురంలో ప్లీడరుని. చాలాకాలంగా ఒక చిన్న పార్టీకి జిల్లా కార్యదర్శిని కూడా. పార్టీ పేరు చెప్పినా మీకు గుర్తురాదు కాబట్టి చెప్పను. ఆ దీవి పేరు రాయొద్దని అక్కడివాళ్ళు మాట తీసుకున్నారు. అదీ చెప్పను.

కమ్మింగ్: తెల్లపంచె పరిచయం

మా చెల్లెలు రాజ్యలక్ష్మి వాళ్ళది జార్జియాలో కమ్మింగ్ అనే ఊరు. మేనకోడలి గ్రాడ్యుయేషన్‌కని వెళ్ళాను. ఆ ఊళ్ళో అందరూ కార్లలో తిరుగుతారు. పొద్దున్నే పంచె కట్టుకుని బయల్దేరి, కాలనీలో నడిచేవాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నాను. రెండోరోజే ఎదురుగా ఇంకొకాయన కనిపించాడు. తాటిచెట్టంత పొడుగు, నెరిసిన గడ్డం, తలమీద గడ్డిటోపీ. పేరు డెస్మండ్. బళ్ళో పంతులుగా చేసి రిటైరయ్యాడు. కూతురింట్లో సగం ఏడాది, దీవిలో సగం ఏడాది ఉంటాడు. ఆయన ఇంగ్లీషు మాట్లాడుతుంటే రాగం తీస్తున్నట్టు ఉంటుంది.

నా తెల్లబట్టలు చూసి, "మీరు పాస్టరా?" అని అడిగాడు.

"కాదు, రాజకీయం," అన్నాను.

"అయ్యో బ్రదర్, నాదీ అదే ఖర్మ!" అని నా చేయి పట్టుకుని ఊపేశాడు.

ఆయన వాళ్ళ దీవిలోకెల్లా చిన్న పార్టీకి విదేశీ విభాగం కార్యదర్శి. అక్కడ ఒక పెద్ద పార్టీ ఎన్నాళ్ళనుంచో గెలుస్తూనే ఉంది. మిగతా మూడూ ఓట్లు చీల్చుకుని ఓడిపోతూనే ఉన్నాయి. వింటుంటే మన జిల్లా సంగతి చెబుతున్నాడా అనిపించింది. ఎన్నికలు దగ్గర పడ్డాయి. ఆ శనివారం మూడు పార్టీల నాయకులూ బ్రూక్లిన్‌లో కూర్చుంటున్నారు. పొత్తు కుదిరితే అక్కడే కుదరాలి.

"మీ దీవి పొత్తు న్యూయార్క్‌లో ఎందుకండీ?"

"మా దీవిలో ముగ్గురు నాయకులు ఒకే ఇంటి గుమ్మం ఎక్కితే సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది. మా వాళ్ళలో సగం మంది బ్రూక్లిన్‌లోనే ఉన్నారు. వస్తావా? కార్లో చోటుంది."

ఇంటికెళ్ళి చెబితే రాజ్యలక్ష్మి నా మీదికి లేచింది. "అన్నయ్యా, ముక్కూమొహం తెలీని మనిషితో న్యూయార్క్ దాకా డ్రైవా? నీకు ఇన్సూరెన్స్ కూడా లేదు!"

"వెళ్ళనీ లక్ష్మీ, లాంగ్ వీకెండే కదా," అన్నాడు మా బావగారు. "బావగారూ, ఫోన్ మాత్రం ఆన్‌లో ఉంచండి."

మేనకోడలు మాత్రం, "మావయ్యా, నువ్వు రోడ్ ట్రిప్ పోతున్నావ్? సో కూల్!" అంది.

సౌత్ కరోలినా: డిక్కీలో పసుపు చొక్కాలు

తెల్లారగానే బయల్దేరాం. సరిహద్దు దాటాక రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు దగ్గర ఆగాం. పీచ్‌పళ్ళు అమ్ముతున్నారు. బుట్ట ఆరు డాలర్లు. అమ్మే ఆవిడ నన్ను "హనీ" అంది. మా ఆవిడ కూడా ఎన్నడూ అలా పిలిచిన పాపాన పోలేదు. ఆ పళ్ళ రసం మోచేతిదాకా కారింది, పంచె మీద మరకైంది. ఆ మరక ఇప్పటికీ పోలేదు.

బుట్ట పెట్టడానికి డెస్మండ్ డిక్కీ తెరిచాడు. లోపల పసుపు రంగు టీషర్టుల కట్టలు. ఒకటి తీసి నా ముందు పరిచాడు. "హార్బర్‌కి డెస్మండ్" అని నల్లటి అక్షరాలు. అప్పుడు చెప్పాడు అసలు సంగతి. హార్బర్ అంటే వాళ్ళ దీవిలో జాలర్లపేట ఉన్న నియోజకవర్గం. ఆయన నాన్న అక్కడే వల వేశాడు. ఈయన అక్కడి బళ్ళోనే పాఠాలు చెప్పాడు. ఓటర్లలో చాలామంది ఈయన చేత చెవి మెలిపెట్టించుకున్నవాళ్ళే. ఇన్నేళ్ళూ పార్టీకి జెండాలు మోశాడు గాని ఎప్పుడూ పోటీ చేయలేదు. ఈసారి టికెట్ ఇస్తామని వాళ్ళ నాయకురాలు వెర్నా మాటిచ్చింది.

"బ్యాలట్ మీద నా పేరు ఒక్కసారి చూసుకోవాలి బ్రదర్. గెలుపోటములు తర్వాత."

చిక్కేమిటంటే అదే సీటు రెండో పార్టీకీ కావాలి. దాని నాయకుడు డాక్టర్ క్లారెన్స్. హార్బర్ తమకివ్వకపోతే ఆయన లేచి వెళ్ళిపోతాడని ముందే కబురు వచ్చింది.

నా కథ కూడా చెప్పమన్నాడు. చెప్పాను. నా చిన్ననాటి స్నేహితుడు భాస్కరానిది కూడా మాలాంటిదే ఇంకో చిన్న పార్టీ. కిందటి ఎన్నికల్లో మేమిద్దరం పొత్తు పెట్టుకున్నాం. సీట్లు పంచుకున్నాం, గొడవ లేదు. ఉమ్మడి సభ రోజు గడియార స్తంభం దగ్గర ఫ్లెక్సీ కట్టారు. చూస్తే అందులో వాడి ఫొటో నాదానికన్నా జానెడు పెద్దది. ఫ్లెక్సీ షాపువాడు చేశాడని వాడన్నాడు. ఫొటోలు తీసుకెళ్ళి ఇచ్చింది ఎవరని నేనన్నాను. నేను సభకి వెళ్ళలేదు. పొత్తు పోయింది. ఇద్దరికీ డిపాజిట్లు దక్కలేదు. ఆనాటినుంచి మాటల్లేవు. న్యాయం మాత్రం ఇప్పటికీ నాదే అంటాను.

డెస్మండ్ స్టీరింగ్ మీద తలవాల్చి నవ్వాడు. కారు నడుపుతూ అలా నవ్వొద్దని చెప్పాల్సొచ్చింది.

వర్జీనియా: ఉచిత టిఫిను

సాయంత్రానికి వర్జీనియాలో ఒక మోటెల్లో దిగాం. నడిపేది గుజరాతీ ఆయన. ఆ దారిపొడుగునా మోటెళ్ళు చాలావరకు వాళ్ళవేనట. చూడండి, వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని పైకొచ్చారు. మనవాళ్ళు మాత్రం ఒక ఊళ్ళో రెండు సంఘాలు పెట్టుకుని రెండు ఉగాదులు చేసుకుంటారు. అదీ కడుపుమంట ఖాతాలో వేసుకున్నాను.

పొద్దున్న టిఫిను ఉచితం. వాఫుల్ అంటే గళ్ళు గళ్ళుగా ఉండే అట్టు, ఎవరిది వాళ్ళే పోసుకోవాలి. పెనం రెండు రేకుల మధ్య పిండి పోసి మూత దించాలి. అట్టు పోయడం నాకు రాదా అనే ధీమాతో గరిటె నిండా పోసి మూత దించాను. పిండి నాలుగువైపులా పొంగి బల్లమీదకి పాకింది. వెనకాల వరసలో ఉన్న తెల్లావిడ మొహం పక్కకి తిప్పుకుని నవ్వింది. డెస్మండ్ ప్లేటులోది మాత్రం గుండ్రంగా, ఎర్రగా ఉంది. చివరికి వాఫుల్ విషయంలోనూ ఆ మనిషిని చూసి ఏడవాల్సొచ్చింది.

బ్రూక్లిన్: సీమపనస వాసన

బ్రూక్లిన్‌లో ఆ వీధిలోకి తిరగగానే నాకు మా ఊరి సంత గుర్తొచ్చింది. షాపుల ముందు అరటిగెలలు, చేమదుంపలు, కొబ్బరికాయలు, సీమపనసకాయలు! వాళ్ళు బ్రెడ్‌ఫ్రూట్ అనే ఒక్కో సీమపనసకాయ ఏడు డాలర్లు. మా పెరట్లో అవి రాలి కుళ్ళిపోతే ఎత్తిపోస్తాం. కొబ్బరికాయ ధర కూడా అడిగాను. తెలుసుకున్నాక, మా కోనసీమ రైతుల తరఫున ఒక నిమిషం నిలబడి మౌనంగా కుళ్ళుకున్నాను.

చర్చి కింది గదిలో పొయ్యిమీద ఒక గంగాళం. ముగ్గురు ఆడవాళ్ళు, మూడు పార్టీల వాళ్ళూ, ఒకే పొయ్యి దగ్గర వండుతున్నారు. సీమపనస ముక్కలు, చేమాకులు, ఎండుచేప, పసుపు, పైనుంచి కొబ్బరిపాలు. ఆ పాలన్నీ ఇగిరి అడుగున నూనె తేలేదాకా ఉడకనివ్వాలి. గరిటెతో కలపకూడదట. ఒకావిడ చిన్న గిన్నెలో పెట్టిచ్చింది. గిన్నె అడుగుదాకా నాకేశాను. కొబ్బరి మా దగ్గర, సీమపనస మా పెరట్లో, చేమాకు మా గట్టున. ఈ కూర మాత్రం వీళ్ళది! మేం సీమపనసని బజ్జీలేసుకుని చేతులు దులుపుకున్నాం.

సభ మొదలైంది. గోడవారన బల్ల వెనక మూడు కుర్చీలు. బ్యానర్ లేదు. ఫొటోలు అసలే లేవు. నేను గోడలన్నీ వెతికాను. ఎడమవైపు కుర్చీలో బంగారు కళ్ళద్దాల డాక్టర్ క్లారెన్స్. కుడివైపు రేవు కార్మికుల నాయకుడు జోసెఫ్, భారీ మనిషి. మధ్య కుర్చీలో పూలగౌను వేసుకున్న ఒక పొట్టి పెద్దావిడ.

ఇండియా నుంచి వచ్చిన అతిథి అని డెస్మండ్ నన్ను పరిచయం చేశాడు. నా సంచీలో ఎప్పుడూ ఒక శాలువా ఉంటుంది. రాజకీయాల్లో ఉన్నవాడికి అది చేతిరుమాలు కన్నా ముఖ్యం. మన అలవాటు ప్రకారం మధ్య కుర్చీలో కూర్చున్నది అందరికన్నా పెద్ద నాయకురాలే అనుకుని, నేరుగా వెళ్ళి ఆ జరీ శాలువా ఆవిడ భుజాల చుట్టూ కప్పి, చేతులు జోడించి, ఫొటో కోసం ఇటు తిరిగాను.

ఫొటో ఎవరూ తీయలేదు. డాక్టర్ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నారు. జోసెఫ్ పైకప్పుకేసి చూస్తున్నాడు. డెస్మండ్ నా పక్కకొచ్చి చెవిలో అన్నాడు. "బ్రదర్, ఆవిడ వెర్నా. మాది అందరికన్నా చిన్న పార్టీ. వాళ్ళిద్దరినీ పక్కపక్కన కూర్చోబెడితే మొదటి మాటకే గొడవ. అందుకని చిన్న పార్టీని మధ్యలో కూర్చోబెట్టడం మా ఆచారం. నువ్విప్పుడు కూటమికి నాయకురాలిని ఎన్నుకున్నావు."

శాలువా వెనక్కి లాక్కోలేను కదా, వచ్చి కూర్చున్నాను. కాని ఉన్నమాట చెప్పాలి, లోపల ఒక మూల సంతోషం కూడా వేసింది. మాకు జానెడు ఫొటోతో చెడింది, వీళ్ళకి బారెడు శాలువాతో చెడిపోనీ! వీళ్ళూ మాలాంటివాళ్ళే అని తేలితే హాయిగా ఇంటికెళ్ళి పడుకోవచ్చు.

వదులుకునే వంతు

వాళ్ళ పొత్తు మాటలకి ఇంకో పద్ధతుంది. ఎవరికి ఏం కావాలో ముందు అడగరు. ఒక్కొక్కళ్ళూ తాము ఏం వదులుకుంటారో ముందు చెప్పాలి. ఆ వంతు పూర్తయ్యాకే కావాల్సినవి అడగాలి. మొదలెట్టడం ఎప్పుడూ చిన్న పార్టీ వంతు.

వెర్నా లేచింది. శాలువా తీసి మడతపెట్టింది. "ఇది నాకు వచ్చి రెండు నిమిషాలు కూడా కాలేదు. నేను మొదట వదులుకునేది ఇదే," అని డాక్టర్ గారి ఒళ్ళో పెట్టింది. ఎవరో పకపకా నవ్వారు. డాక్టర్ గారు దాన్ని ఏం చేయాలో తెలీక జోసెఫ్‌కి అందించాడు. జోసెఫ్ మెడకి చుట్టుకుని, "నాకు ఎలాగూ జలుబు చేసింది," అన్నాడు. గదంతా నవ్వులు. నా శాలువా వల్ల చెడాల్సింది చెడలేదు. నాకు కొంచెం నిరాశే కలిగింది.

తర్వాత వెర్నా నవ్వడం మానేసింది. "రెండోది," అని ఆగింది. డెస్మండ్ కేసి చూసింది. హార్బర్ సంగతని గదిలో అందరికీ తెలుసు. డెస్మండ్ తల వంచుకుని గడ్డిటోపీ అంచుని వేళ్ళతో తిప్పుతున్నాడు. నేను ఆయన పక్క కుర్చీలో ఉన్నాను. వదలకు, వదలకు అని మనసులో అంటూనే ఉన్నాను. ఆయన కోసం అన్నానో నా కోసం అన్నానో తెలీదు.

ఆయన లేచాడు. "హార్బర్," అన్నాడు. నీళ్ళు తాగి మళ్ళీ అన్నాడు. "హార్బర్ వదులుకుంటున్నాం. వెర్నా చెప్పక్కర్లేదు. అది నేనే చెప్పాలి."

కూర్చున్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టకూడదట, వదులుకున్నవాణ్ణి ఇబ్బంది పెట్టినట్టవుతుందట. డాక్టర్ క్లారెన్స్ తన వంతు రాగానే కొండవైపు ఉన్న రెండు సీట్లు వదిలేశాడు. అవి ఎవరూ అడగనైనా లేదు. జోసెఫ్ తన పార్టీ గుర్తునే వదులుకున్నాడు. ఇక అడగడం మొదలయ్యేసరికి అడగడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. గంగాళం దించారు.

నేను రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను. తింటున్నంతసేపూ కుళ్ళుతూనే ఉన్నాను. మా గడియార స్తంభం దగ్గర ఆ రోజు మొదట వదులుకునే వంతు ఉంటే ఏమై ఉండేదో అని ఆలోచిస్తూ ముల్లు మింగబోయాను.

న్యూజెర్సీ: చట్నీ ఎక్కువ, మాట తక్కువ

తిరుగుదారిలో న్యూజెర్సీలో నేనే ఆపమన్నాను. అక్కడ మనవాళ్ళ హోటళ్ళున్న వీధి ఉంది. డెస్మండ్‌కి మసాలా దోసె పెట్టించాను. ఆయన కొబ్బరి చట్నీ మూడుసార్లు అడిగి వేయించుకున్నాడు, దోసె సగం వదిలేశాడు.

"బాధగా లేదా?" అని అడిగాను. లేదని ఏదో పెద్దమాట అంటాడనుకున్నాను.

"ఉంది," అన్నాడు. "ఆ సీటు నాకు కావాలి బ్రదర్. నిన్న కావాలి, ఇవాళా కావాలి. వదులుకున్నంత మాత్రాన ఆశ పోతుందని ఎవరన్నారు?"

డిక్కీలోంచి ఒక పసుపు చొక్కా తీసి నాకిచ్చాడు. "నా శాలువా పోయింది కదా అని బాధపడకు. ఇది కోర్టుకి వేసుకో." అది ఇప్పుడు మా ఇంట్లో నా నల్లకోటు పక్కన వేలాడుతోంది. వేసుకునే ధైర్యం మాత్రం రాలేదు.

ఎన్నికల్లో ఏమైందని మీరు అడుగుతారు. పెద్ద పార్టీయే మళ్ళీ గెలిచింది, కాని ఈసారి అంచుమీద గెలిచింది. హార్బర్‌లో డాక్టర్ గారి మనిషి నెగ్గాడు. అక్కడ ఇల్లిల్లూ తిరిగి అతనికి ఓట్లడిగింది డెస్మండ్ అట. ఆ సంగతి ఆయనే ఫోన్లో చెప్పాడు. చెప్పి, పసుపు చొక్కా కోర్టుకి వేసుకున్నావా అని అడిగాడు.

మళ్ళీ కమ్మింగ్: ఒక ఫోను

కమ్మింగ్ చేరిన సాయంత్రం ముందు భోంచెయ్యమని చెల్లెలు అంటున్నా ఇంటి ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్ళాను. అమలాపురంలో అప్పుడే తెల్లారి ఉంటుంది. దారిపొడుగునా మాటలు కూర్చుకున్నాను. ఒరేయ్ భాస్కరం, గొడవెందుకు, నీ ఫొటోనే పెద్దది పెట్టుకో, నేను వదులుకుంటున్నాను. అంతే. డెస్మండ్ చేసింది నేను చేయలేనా? ఈ ఒక్క విషయంలోనైనా ఒకడిమీద నాది పైచేయి అవుతుంది కదా అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ మాట అన్నాక వాడి గొంతు ఎలా తడబడుతుందో కూడా ఊహించుకుని మురిసిపోయాను.

నెంబరు కొట్టాను. మూడో రింగుకి ఎత్తాడు.

"ఏరా," అన్నాను.

అవతల ఒక ఆవులింత వినిపించింది. తర్వాత, "సూరీ? నువ్వేనా? ఆయ్, అమెరికా నుంచా! అక్కడ కూడా ఫ్లెక్సీలు కడుతున్నారంట్రా?"

నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. కూర్చుకున్న మాటలు గబగబా వెతుక్కుంటున్నాను. డెస్మండ్ నీళ్ళు తాగాడు కదా, నాకూ నీళ్ళు కావాల్సొచ్చాయి.

"ఒరేయ్ సూరీ," అన్నాడు వాడే. "నువ్వు ఫోన్ చేస్తావని కాదు గాని, మున్సిపాలిటీ ఎలచ్చన్లు వత్తన్నాయి కదా. నేనే మీ ఇంటికొద్దామనుకున్నాను. ఈసారి నా ఫొటో ఎయ్యొద్దురా. నీ ఒక్కడిదే ఎయ్. ఎంత పెద్దదైనా పరవాలేదు, గడియార స్తంభమంత ఎయ్."

చేతిలో ఫోను, పక్కన వరండా స్తంభం. స్తంభాన్ని పట్టుకున్నాను. లోపల్నుంచి రాజ్యలక్ష్మి, "అన్నయ్యా, ఎవరు? ఏమైంది?" అంటోంది.

సంతోషపడాల్సిందే. పడ్డాను కూడా. కాని చదువరులారా, మీ దగ్గర దాపరికమెందుకు? రానూపోనూ నాలుగు పగళ్ళు కార్లో కూర్చుని, ఒక శాలువా పోగొట్టుకుని, పంచె మీద పీచ్ మరక వేయించుకుని, అంత దూరం వెళ్ళి నేర్చుకుని తెచ్చుకున్న మాట అది. వాడు పరుపు మీదనుంచి లేవకుండానే నాకన్నా ముందు అనేశాడు.